ఒక సైకిల్ పట్టేంత చోటు

సైకిల్‌కి అద్దం కావాలంటే స్పానర్ నవ్వాడు.

"ఈ వయసులో నీ వెనక ఎవరొస్తారు బావా?" అన్నాడు.

స్పానర్ అంటే మా వీధి చివర సైకిల్ షాపు అతను. చెవి మీద పెన్సిల్ పెట్టుకునేవాళ్ళుంటారు కదా, ఈయన చిన్న స్పానర్ పెట్టుకుంటాడు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. నన్ను బావా అని పిలిచే వరసేమీ ఆయనకి లేదు. నేను పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీలోనే మా బామ్మర్దీ పనిచేస్తాడు. వాడు బావా బావా అని పిలవగా విని ముందు వాడి సెక్షన్ వాళ్ళు, తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్, ఆఖరికి మేనేజరు కూడా నన్ను బావ అనడం మొదలుపెట్టారు. అలా అడగకుండానే అందరికీ బావనైపోయాను. పధ్నాలుగు నెలలుగా నన్ను అలా పిలవనివాడు ఒక్క మా బామ్మర్దే.

"వెనక లారీలొస్తాయి," అన్నాను. "ముప్పై నాలుగేళ్ళు మెషిన్ పక్కన నిలబడి చెవులు మొద్దుబారాయి. మీద మీదకొచ్చి హారన్ కొడితేగానీ తెలియట్లేదు."

అది అబద్ధం కాదు. కానీ నేను అద్దం కొన్నది లారీల కోసం కాదు. ఇంకో పదకొండు పనిరోజుల్లో నేను రిటైరవుతున్నాను. ఆ తర్వాత ఆ రోడ్డు మీద నాకు పని లేదు. ఈలోగా నాకొక్కటి తెలియాలి. పొద్దున్న నేను ఫ్యాక్టరీకి వెళ్తుంటే మా బామ్మర్ది ఇంకా నా వెనకే వస్తున్నాడా, లేదా?

తల తిప్పి చూస్తే పోలా అంటారేమో. తల తిప్పి చూడనని నోరు జారాను. తల తిప్పనన్నాను గానీ అద్దంలో చూడనని అనలేదు కదా.

స్పానర్ మూడు రకాలు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. మొదటిది హ్యాండిల్ చివర గ్రిప్పులోకి దూర్చేది, అగ్గిపెట్టంత. "గోడకి ఆనిస్తే మాత్రం విరుగుతుంది," అన్నాడు. నేను రోజూ గోడకే ఆనిస్తాను, నా సైకిల్ స్టాండ్ విరిగి ఏడేళ్ళయింది. అది పక్కన పెట్టించాను. రెండోది కాడ మీద నిలబడే గుండ్రటి అద్దం, చదునుగా ఉంది. నేను సైకిలెక్కి కూర్చుంటే ఆయన దాన్ని హ్యాండిల్ మీద పట్టుకుని చూపించాడు. నా మోచెయ్యి కనిపించింది. మోచెయ్యి వెనక ఒళ్ళు గోక్కుంటున్న సగం కుక్క కనిపించింది. అంతే.

"ఇది ఉన్నదున్నట్టు చూపిస్తుంది, కాకపోతే కొంచెమే చూపిస్తుంది," అన్నాడు స్పానర్.

"సగం కుక్కని చూడటానికా నేనొచ్చింది?"

మూడోది పట్టుకున్నాడు. అదీ గుండ్రటిదే, కానీ మధ్యలో బొజ్జలా ఉబ్బి ఉంది. అందులోకి వీధి మొత్తం వచ్చేసింది. మొత్తం కుక్క, దాని వెనక కరెంటు స్తంభం, మేడల మీద ఆరేసిన బట్టలు, ఈ చివర నుంచి ఆ చివరి దాకా రోడ్డు. ఇందులోంచి ఎవడూ తప్పించుకోలేడు అనిపించింది.

"ఇదివ్వు."

"మంచిదే. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో బావా, ఇందులో చూసేటప్పుడు..."

"అద్దంలో చూడటం కూడా నువ్వు నేర్పాలా? నలభై ఏళ్ళుగా గడ్డం గీసుకుంటున్నాను."

"సరే, నీ ఇష్టం. బిగించి ఇవ్వనా?"

"నా చేతులకేమొచ్చింది?"

ఆయన స్పానర్ మళ్ళీ చెవి మీద పెట్టుకుని వేరే సైకిల్ వైపు తిరిగాడు. నీకు కోపం ముక్కు మీద కాదు, నాలుక చివర ఉంటుంది, ముక్కుదాకా వెళ్ళే ఓపిక కూడా దానికి లేదు అనేది మా ఆవిడ.

మా ఆవిడ కూడా అదే ఫ్యాక్టరీ. నాది క్రీజింగ్ మెషిన్, అంటే అట్ట ఎక్కడ మడవాలో అక్కడ గీత పడేసేది. ఆవిడది ప్యాకింగ్. బుడ్డోడిది పిన్నులు కొట్టే సెక్షన్. బుడ్డోడంటే మా బామ్మర్దే. యాభై నాలుగేళ్ళొచ్చాయి, మీసం సగం నెరిసింది, ఎనభై కిలోలున్నాడు. వాళ్ళక్క పెట్టిన పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకురా అంటే, మీ ఇద్దర్నీ రోజూ చూస్తున్నాను కదా బావా, భయమేస్తోంది అనేవాడు.

మేం ముగ్గురం ఇరవై ఆరేళ్ళు కలిసి ఆ రోడ్డు మీద సైకిళ్ళు తొక్కాం. ఇరుకు రోడ్డు, లారీలు. పక్కపక్కన వెళ్ళే వీల్లేదు. అందుకని నేను ముందు, ఆవిడ మధ్యలో, బుడ్డోడు వెనక. గుంట వస్తే నేను చెయ్యి కిందికి చాచి వేళ్ళు ఆడించేవాణ్ణి. ఏ వైపు చెయ్యి దిగితే ఆ వైపు గుంట. అరచెయ్యి వెనక్కి పెడితే ఆగమని. నా చెయ్యి చూసి ఆవిడ చెయ్యి చాచేది, ఆవిడ చెయ్యి చూసి వాడు తప్పుకునేవాడు. నోటితో పనే లేదు. ఇంటి దగ్గర మిగిలిన నోరంతా ఆవిడే వాడేది.

మూడేళ్ళ క్రితం ఆవిడ పోయింది. పదిరోజుల జ్వరం, అంతే. తర్వాత మేమిద్దరం పనికి వెళ్ళిన మొదటిరోజు నేను వెనక్కి తిరిగి చూశాను. మా ఇద్దరి మధ్య ఇంకో సైకిల్ పట్టేంత చోటు ఉంది. బుడ్డోడు ముందుకు జరగలేదు. జరగమని నేనూ అనలేదు. ఆ చోటు అలాగే పెట్టుకుని రోజూ వెళ్ళాం. ఆదివారం మధ్యాహ్నం వాడు భోజనానికి వచ్చేవాడు. వాడికి నేను, నాకు వాడు, అంతకుమించి మా ఇద్దరికీ ఎవరూ లేరు.

ఆవిడ సైకిల్ మా ముందు గదిలో గోడకి ఆనించి ఉండేది. దాన్ని తొక్కేవాళ్ళు లేరు. అయినా వారం వారం తుడిచేవాణ్ణి, టైర్లకి గాలి కొట్టేవాణ్ణి. ఎవరికోసమో తెలియకుండా గాలి కొట్టడం ఎంత కష్టమో కొట్టినవాడికే తెలుస్తుంది. పొద్దున్నే తలుపు తీసేటప్పుడు దాని హ్యాండిల్ నా చొక్కాకి తగిలేది. పక్కన ఆవిడ నిలబడి చెయ్యి పట్టుకున్నట్టుండేది. రెండేళ్ళు ఓర్చుకున్నాను. ఒక ఆదివారం పాత సామాన్లు కొనే బండి వీధిలోకొస్తే ఏమీ ఆలోచించకుండా దాన్ని బయటికి తోసి ఇచ్చేశాను.

ఆ మధ్యాహ్నం బుడ్డోడు వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్క సైకిలేది?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"పాత సామాన్ల వాడికి."

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా బావా? ఆ సైకిల్ మీద అక్కకి తొక్కడం నేర్పింది నేను. సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తింది నేను."

అప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది. అది చెప్పలేదు. "నా ఇంట్లో సామాను, నా ఇష్టం," అన్నాను.

వాడు ఏదో అన్నాడు. నేను రెండు ఎక్కువే అన్నాను. చివరికి నేను, "ఈ జన్మలో మళ్ళీ తల తిప్పి నీ మొహం చూడను పో," అన్నాను. వాడు, "నేను మాత్రం నీ ముందుకొస్తానా? చచ్చినా రాను," అని వెళ్ళిపోయాడు. మా ఇద్దరిదీ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే జాతి. ఆ కుందేలుకి నాలుగో కాలు ఉందని చెప్పే మనిషి పోయింది.

మర్నాడు ఆరున్నరకి వాడి సందు చివర దాటుతూ నేను తల తిప్పలేదు. అప్పట్నుంచీ ఎప్పుడూ తిప్పలేదు. వాడి సెక్షన్ కాగితం గోడౌన్ అవతల, నాకు కనపడదు. సాయంత్రం వాళ్ళకి నాకంటే అరగంట ఆలస్యంగా వదులుతారు. నేను ఇంటికి బయల్దేరేటప్పుడు స్టాండులో వాడి సైకిల్ ఉంటుంది, అంటే పనికైతే వస్తున్నాడు. నా వెనకే వస్తున్నాడా, నేను దాటిపోయాక తీరిగ్గా వస్తున్నాడా? వాచ్‌మన్‌ని అడిగితే చెప్తాడు. కానీ టీ టైముకల్లా ఫ్యాక్టరీ అంతా, బావ బామ్మర్ది గురించి ఆరా తీశాడట అని చెప్పుకుంటారు. చులకనైపోమూ?

చెయ్యి మాత్రం నా మాట వినలేదు. గుంట కనిపించగానే దానంతటదే కిందికి చాచుకునేది. వెనక ఉన్నాడో లేడో తెలియని మనిషికి పధ్నాలుగు నెలలు గుంటలు చూపించాను.

ఆ ఆదివారం అద్దం బిగించడానికి కూర్చున్నాను. కాడ చివర ఒక పట్టీ, దానికి ఆరు పలకల తల ఉన్న బోల్టు. హ్యాండిల్ చుట్టూ పట్టీ వేసి బిగించాలి. బిగించాను. వేలితో తోస్తే అద్దం తల వాల్చేసింది, నా హ్యాండిల్ సన్నం. పాత ట్యూబులోంచి రెండు వేళ్ళ వెడల్పు ముక్క కోసి హ్యాండిల్‌కి చుట్టి, దాని మీద పట్టీ వేసి మళ్ళీ బిగించాను. ఇంకో సగం చుట్టు తిప్పితే పట్టీ విరుగుతుందేమో అనిపించి ఆగాను. ఆగడం నాకు చాతకాని పని, కానీ ఆ రోజు ఆగాను. బళ్ళు దాటే వైపు, బ్రేకు పట్టుకుంటే వేళ్ళకి తగలకుండా, బాగానే కుదిరింది.

ఇక దాన్ని ఏ కోణంలో తిప్పాలో చూసుకోవాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకళ్ళు సీటు మీద కూర్చోవాలి, ఒకళ్ళు వెనక నిలబడాలి. నా ఇంట్లో ఇద్దరు లేరు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వీధిలో సైకిల్ వెనక పెట్టాను. మరీ ఖాళీగా ఉందని నా చలికోటు తెచ్చి దాని వీపుకి తొడిగాను. సీటెక్కి చూడటం, దిగి అద్దం కొంచెం వంచడం, మళ్ళీ ఎక్కడం. ఎదురింటి టీచరమ్మ కిటికీలోంచి చూస్తోంది.

"ఎవరికండీ ఆ కుర్చీ?"

"చుట్టాలొస్తారని."

"కోటు కూడా ఇచ్చి కూర్చోబెట్టారే," అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

పది పన్నెండుసార్లు ఎక్కి దిగాక కుర్చీ సరిగ్గా అద్దం మధ్యలోకి వచ్చింది. బొమ్మరింట్లో కుర్చీలా చిన్నగా ఉంది. అద్దమే చిన్నది, అందులో కుర్చీ చిన్నగా కాక ఇంకెలా ఉంటుంది అనుకున్నాను. అంతకు మించి బుర్రకి తట్టలేదు. చీకటి పడ్డాక కోటు మడిచి లోపల పెట్టేటప్పుడు, రేపు ఈ అద్దంలో ఎవరూ కనపడకపోతే ఏం చెయ్యాలి అని మొదటిసారి భయమేసింది.

సోమవారం ఆరున్నర. వాడి సందు చివర దాటాను. అద్దంలో సందు మొగ ఖాళీగా ఉంది. ఇంకొంచెం ముందుకెళ్ళాను, ఖాళీ. మలుపు తిరిగాక మళ్ళీ చూశాను. నీలం యూనిఫారం చొక్కా. దాని కింద ఊగుతున్న రెండు మోకాళ్ళు. మోకాళ్ళు బయటికి పెట్టి తొక్కడం వాడికి చిన్నప్పటి అలవాటట.

వచ్చాడు. నా వెనకే వస్తున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి పాలవ్యానుని గుద్దబోయాను. వ్యాను డ్రైవర్ నన్ను తిట్టిన తిట్లు ఆశీర్వచనాల్లా వినిపించాయి. ఆ రోజంతా నా గీతల్లో ఒక్కటి కూడా వంకర పడలేదు.

మంగళవారం సంతోషం కొంచెం తగ్గి బుద్ధి పనిచేసింది. అద్దంలో వాడు గోరంత ఉన్నాడు. గోరంత కనిపిస్తున్నాడంటే నలభై అడుగుల దూరమైనా ఉంటాడు. మా మధ్య ఉండాల్సింది ఒక సైకిల్ పట్టేంత చోటు. నలభై అడుగులంటే ఏమిటి? ముక్కూమొహం తెలియనివాడు కూడా అంతకన్నా దగ్గరగానే వస్తాడు.

ఏదో అడ్డం వచ్చి వెనకబడ్డాడేమో అనుకుని నెమ్మదిగా తొక్కాను. వాడూ నెమ్మదించాడు. గోరంత మనిషి గోరంతే ఉన్నాడు. బుధవారం వేగంగా తొక్కాను, మోకాళ్ళు కలుక్కుమన్నాయి. వాడూ వేగం పెంచాడు. మళ్ళీ అంతే దూరం. అప్పుడర్థమైంది అనుకున్నాను. ఇది కావాలని చేస్తున్న పని. నీకంటే ముందు రాను, నీ దగ్గరకీ రాను, నీ వెనక ఉన్నానని నువ్వనుకోవడానికి కూడా వీల్లేదు అని కొలిచి మరీ చూపిస్తున్నాడు. నేను అద్దంలోకి కళ్ళు చిట్లించి చూడటం, వాడు గోరంతై నా వెనక రావడం. గురు, శుక్రవారాలు అలాగే గడిచాయి. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీస్తే చొక్కాకి ఏమీ తగల్లేదు. రోజూ తగలదు. ఆ రోజు తగల్లేదని తెలిసింది.

శనివారం పొద్దున చెయ్యి జేబులో పెట్టుకున్నాను. నిజంగానే. మలుపు దాటాక నీళ్ళ ట్యాంకు దగ్గర గుంట రాగానే చెయ్యి కదలబోయింది, తీసి చొక్కా జేబులో దూర్చాను. నలభై అడుగుల వెనక ఉన్నవాడికి నేను గుంట చూపించేదేమిటి? వాడు ఆ గుంట దాకా వచ్చేసరికి నా చెయ్యి ఎప్పుడో హ్యాండిల్ మీదకొచ్చేస్తుంది. ఇన్నాళ్ళూ చూపించింది ఎవరికి? ఆ రోజు ఒక్క గుంటా చూపించకుండా ఫ్యాక్టరీకి చేరాను. గెలిచినట్టనిపించింది. ఎవరి మీదో మాత్రం అడక్కండి.

ఆదివారం పగలంతా వాన పడింది.

సోమవారానికి నాకు మిగిలింది ఐదు రోజులు. నీళ్ళ ట్యాంకు దగ్గర గుంట నిండి రోడ్డుతో సమానంగా ఉంది. తెలియనివాడికి అది గుంటని తెలియదు. నాకు తెలుసు. చెయ్యి జేబులో పెట్టుకుని ఒంటిచేత్తో సైకిల్ పక్కకి తిప్పాను. అద్దంలో చూశాను. గోరంత మనిషి ఒక్కసారిగా కిందికి వెళ్ళిపోయాడు. నీలం చొక్కా ఉండాల్సిన చోట ఆకాశం ఉంది.

వాడు ఆ దూరం నుంచి గుంట దాకా ఇంకా రాలేదే, అప్పుడే ఎలా పడ్డాడు అని నేననుకునే లోపల చప్పుడొచ్చింది. ఎక్కడో దూరంగా కాదు. నా వీపు వెనకే. మొద్దుబారిన చెవులకి కూడా ఇనుము రోడ్డుకి తగిలిన చప్పుడు, దానితోపాటు ఒక "అమ్మా" వినిపించాయి. బురద నీళ్ళు నా వీపు మీద పడ్డాయి.

తల తిప్పాను. మాట, పట్టుదల ఏవీ గుర్తురాలేదు.

వాడక్కడే ఉన్నాడు. చెయ్యి కింద పెట్టి గుంటలో బోర్లా పడి ఉన్నాడు. వాడి ముందు చక్రం వంకరపోయి ఇంకా తిరుగుతోంది. ఆ చక్రానికీ నా వెనక చక్రానికీ మధ్య ఒక సైకిల్ పట్టేంత చోటు ఉంది. అంతే ఉంది. ఒక జానెడు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

సైకిల్ వదిలేసి పరిగెత్తాను. వాడు తలెత్తి నన్ను చూశాడు. పధ్నాలుగు నెలల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట ఇది.

"చెయ్యి ఎందుకు చూపించలేదు బావా?"

నేను నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. వాడి మణికట్టు అప్పటికే అరటిపండులా వాచింది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే కోసం బెంచీ మీద కూర్చున్నాం. ఇద్దరి బట్టల్లోంచీ బురద కారుతోంది. నర్సు మా ఇద్దరిలో ఎవరికి దెబ్బ తగిలిందని అడిగింది. నా మొహం అలా ఉందేమో.

"శనివారం కూడా చూపించలేదు నువ్వు," అన్నాడు వాడు. "రెండుసార్లు ఎగిరిపడ్డాను. ఒంట్లో బాలేదేమో అనుకున్నా."

"నువ్వు దూరంగా వస్తున్నావనుకున్నానురా. నా చెయ్యి నీకు అక్కర్లేదనుకున్నాను."

"దూరంగా ఎక్కడొచ్చాను? అక్క చోటు వదిలి వస్తున్నాను, ఎప్పట్లాగే. నేను రోడ్డు చూసుకోను బావా. నీ చెయ్యి చూసుకునే తొక్కుతాను. ఇరవై ఆరేళ్ళు అక్క చెయ్యి చూశాను, ఆ తర్వాత నీది."

వాడే మళ్ళీ అన్నాడు.

"అద్దం లారీల కోసమే అనుకున్నాను ముందు."

"నీ కోసం పెట్టాను. వస్తున్నావో లేదో చూద్దామని."

"అందులో నువ్వూ నాకు కనిపించేవాడివి. మంగళవారం పలకరిద్దామనుకున్నా. రిటైరవుతున్నావు కదా, మనం కాకపోతే ఎవరు దిగొస్తారు అనుకుని బెల్లు మీద వేలు కూడా పెట్టాను. నువ్వు అద్దంలో నన్ను చూసి కళ్ళు చిట్లించి మొహం ముడుచుకున్నావు. రోజూ అంతే. ఇంకేం పిలుస్తాను?"

గోరంత కనిపిస్తున్నాడని కళ్ళు చిట్లించాను. అది వాడికి కోపంలా కనిపించింది. ఆ మాట చెప్పాను. వాడు నవ్వబోయి, చెయ్యి కదిలి, పళ్ళు బిగబట్టాడు.

"ఆ సైకిల్..." అన్నాను. పధ్నాలుగు నెలల క్రితం చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాను. "దాన్ని రోజూ చూడలేక ఇచ్చేశానురా. వేరే ఏమీ లేదు. చూడలేకపోయాను."

వాణ్ణి లోపలికి పిలిచారు, వెళ్ళాడు. మోచెయ్యి దాకా తెల్లటి కట్టుతో బయటికొచ్చాడు. ఆరు వారాలన్నారు.

"ఇంటికి రా," అన్నాను. "ఒంటిచేత్తో ఏం చేసుకుంటావు?"

"నా గదికే పోతాను బావా. ఆ గోడ పక్కన ఖాళీ నేను చూడలేను. ఇంకొన్నాళ్ళు పోనీ."

ఆ ఖాళీ నేను రోజూ చూస్తున్నానురా అని అనాలనిపించింది. అనలేదు. ఉన్నది చూడలేక నేను తీసేస్తే, లేనిది చూడలేక వాడు రానంటున్నాడు. ఇందులో ఎవర్ని తప్పుపట్టేది?

మంగళవారం సాయంత్రం వాడి సైకిల్‌ని స్పానర్ దగ్గరికి తోసుకెళ్ళాను. ఆయన వంకరపోయిన చక్రం చూశాడు, నా అద్దం చూశాడు, నా మొహం చూశాడు.

"ఆ రోజు చెప్పబోతే వినలేదు నువ్వు," అన్నాడు. "ఉబ్బు అద్దంలో అన్నీ చిన్నగా కనిపిస్తాయి. చిన్నగా కనిపించాయని దూరంగా ఉన్నాయనుకోకూడదు. పక్కనే ఉంటాయి."

"తెలిసింది," అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు తెలిసింది.

"చదునుది వేసివ్వనా దీని బదులు?"

వద్దన్నాను.

బుధవారం, గురువారం ఒక్కణ్ణే వెళ్ళాను. అద్దంలో రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా కనిపించేది. సాయంత్రం వాడి గదికి భోజనం పట్టుకెళ్ళాను. తిన్నాడు, మాట్లాడాడు. శుక్రవారం నాకు ఫ్యాక్టరీలో పూలదండ వేసి పంపిస్తారు, వస్తావా అని అడిగాను.

"సెలవులో ఉన్నాను కదా," అన్నాడు. "సైకిలెలాగూ తొక్కలేను."

వెనక ఎక్కించుకుందామంటే నా మోకాళ్ళు ఒప్పుకోవు, వాడి బరువుకి నా టైరు ఒప్పుకోదు. ఫ్యాక్టరీ వ్యాను ఉంది, ఎక్కి రావొచ్చు. కానీ వ్యాను నన్ను దాటి ముందుకెళ్తుంది. చచ్చినా నీ ముందుకు రానన్నాడు వాడు. నా మాట నేను తప్పాను గానీ, వాడి మాట వాడు తప్పాలని అడిగే మొహం నాకు లేదు. గిన్నెలు కడిగి బోర్లించి వచ్చేశాను.

శుక్రవారం ఆరున్నరకి బయల్దేరాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. వాడి సందు చివర దాటుతూ ఈసారి తల తిప్పి చూశాను. సందులో ఎవరూ లేరు. తలుపు వేసి ఉంది. సరేలే అనుకున్నాను గానీ, సరే కాదు. ముప్పై నాలుగేళ్ళ రోడ్డు ఆఖరిరోజు ఒక్కణ్ణే తొక్కుతుంటే చాలా పొడుగ్గా అనిపించింది. మలుపులో అలవాటు కొద్దీ అద్దంలో చూశాను. నీలం చొక్కా లేదు. ఊగే మోకాళ్ళు లేవు.

నీళ్ళ ట్యాంకు ఇంకా కొంచెం దూరం ఉందనగా అద్దంలో ఒక చుక్క కనిపించింది. చిన్నగా ఉంది. ఈసారి మోసపోలేదు, వెంటనే పక్కకి జరిగాను. జరిగీ జరగకముందే ఫ్యాక్టరీ వ్యాను హారన్ కొట్టుకుంటూ నన్ను దాటింది.

దాటి ముందుకెళ్ళిన వ్యాను వెనక కిటికీ అద్దంలోంచి ఒక సగం నెరిసిన మీసం కనిపించింది. ఆ మొహం నన్నే చూస్తోంది. నవ్వట్లేదు, పిలవట్లేదు. పక్క కిటికీలోంచి మోచెయ్యి దాకా తెల్లకట్టు వేసిన చెయ్యి బయటికొచ్చింది. కిందికి దిగింది. కట్టులోంచి బయటికున్న వేళ్ళు రెండుసార్లు ఆడాయి.

గుంట.

ఆ గుంట నాకు వాడికంటే బాగా తెలుసు. అయినా వాడు చూపించాడు కాబట్టి చూసి తప్పుకున్నాను. తప్పుకుంటుంటే నా చెయ్యి కూడా దానంతటదే కిందికి చాచుకుంది. వేళ్ళు ఆడించాక అద్దంలోకి చూశాను. వెనక ఎవరూ లేరు.